అయిదు రోజుల చీటీ

చి. సుధీర్‌కు,



అమ్మ మోకాళ్ళ నొప్పికి డాక్టరుగారు రాసిన చీటీ ఫొటో పంపి, ‘మళ్ళీ ఇవే తెమ్మంటావా మావయ్యా?’ అని అడిగావు. వద్దురా. ఎసిక్లోఫెనాక్ పక్కన ‘5 రోజులు’ అని ఆయన స్పష్టంగా రాశారు. ఆ గడువు కూడా వైద్యంలో భాగమే. రెండు నెలలుగా అదే కాగితం చూపించి షీట్ల మీద షీట్లు కొంటున్నావంటే, డాక్టరు చెప్పిన వైద్యం ఎప్పుడో ఆగిపోయినట్టే.

వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా ఈ మాత్ర అడ్డుపడుతుంది. కానీ కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, కిడ్నీలకు రక్తం అందేలా చూసేవీ అవే. మోకాలి దగ్గర మాత్రమే పనిచేసి మిగతా ఒంటిని వదిలేయడం ఆ మాత్రకు చేతకాదు. ఇంజెక్షన్ చేయించుకున్నా కడుపులో పుండు పడే భయం పోనిది అందుకే. పొద్దున్నే వేసే పాంటోప్రజోల్ కడుపును కొంత కాస్తుంది. కిడ్నీని గానీ గుండెను గానీ కాయలేదు.

నా దిగులంతా కిడ్నీల గురించే. అమ్మ బీపీకి వేసుకునేది టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర. నొప్పి మాత్ర కూడా తోడైతే మూడూ కలిసి కిడ్నీలను ఉన్నట్టుండి దెబ్బతీయగలవు. విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఎండకు ఒంట్లో నీరు తగ్గినప్పుడు ముప్పు మరీ ఎక్కువ. మోకాలు సలిపితే తెలుస్తుంది, కిడ్నీ చెడుతుంటే మొదట్లో తెలియదు. క్రియాటినిన్ పరీక్షలోనే బయటపడుతుంది. మన దేశంలో రాబందులు అంతలా తగ్గిపోవడానికి ఈ కోవకే చెందిన డైక్లోఫెనాక్ కారణం. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. మనిషి ఒళ్ళు ఆ పక్షులంత సుకుమారం కాదులే, కానీ ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మనసు పాడవుతుంది.

గుండె సంగతీ వినాలి. కీళ్ళనొప్పులకు విరివిగా వాడిన వయాక్స్‌ను, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలాక, 2004లో కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఈ తరహా మిగతా మందుల్లోనూ ఆ ముప్పు ఎంతోకొంత ఉంది. మోతాదూ వాడే రోజులూ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

అలాగని అమ్మను నొప్పి ఓర్చుకోమనకు, ఆమె మీద విసుక్కోకు. ఆ నొప్పి అబద్ధం కాదు. పైపూత జెల్లు, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు, పారాసిటమాల్‌లో ఆమెకు ఏది సరిపోతుందో డాక్టరుగారినే అడుగు. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, పాదాలు వాచినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

ఈ వారంలోనే డాక్టరుగారికి చూపించు. అమ్మ వాడే మందులన్నీ, చూర్ణాలతో సహా, సంచిలో వేసుకెళ్ళి ఆయన ముందు పెట్టు. క్రియాటినిన్ రిపోర్టు రాగానే నాకు పంపు.

మీ మావయ్య