కంచపు టంచున రొట్టెముక్క

నల్లమల కొండలకు తూర్పున మార్కాపురము, గిద్దలూరు ప్రాంతము మెట్టనేల. వానలు చాలని ఆ సీమలో పూర్వము జొన్నలు, సజ్జలు, కొఱ్ఱలు, ఆరికలే నిత్యాహారము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప పేదలకును వరియన్నము సులభమైనది. అది మేలే. కాని పాతధాన్యములు క్రమముగా కంచములనుండి తొలగి, పిల్లలకు అపరిచితములైనవి.

గిద్దలూరు సమీపమున నొక పల్లెలో ఎనిమిదేండ్ల బాలు డొకడుండెను. వాడు తెల్లన్నము, పెరుగు, వేయించిన ఉర్లగడ్డ తప్ప మరేదియు ముట్టడు. తల్లి బతిమాలును, తండ్రి గద్దించును. ప్రతిపూటయు భోజనము ఏడ్పుతో ముగియుచుండెను. కొన్నాళ్లకు వాడు అన్నమునకు పిలువగానే పశువుల కొట్టములో దాగుకొన నారంభించెను.

అది చూచి అవ్వ కొడుకుతో, “నాయనా, అన్నము ముందర బిడ్డను ఏడిపింపవద్దు. కొన్నాళ్లు వానిని నాకు విడిచిపెట్టు” అనెను.

నాటినుండి మనుమని ప్రక్కనే కూర్చుండి, వాని కంచపు టంచున గోరంత సజ్జరొట్టెముక్క నుంచెడిది. తినుమని మాత్ర మనదు. వాడు త్రోసివేసిన తానే తీసి తినును. నాలుగవనాడు వాడు దానిని వాసన చూచెను. ఆఱవనాడు కొఱికి ఉమిసెను. తండ్రి చేయి యెత్తబోగా అవ్వ కనుసైగతో వారించెను.

క్రొత్తరుచికి వెఱచుట కేవలము మొండితనము కాదు. ఎఱుగని దానిని, చేదైన దానిని శంకించుట పసినాలుకకు సహజగుణము. ఒకే పదార్థమును పది పదునైదు మారులు రుచి చూచినగాని కొందఱు పిల్లలు దాని నంగీకరింపరని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పెద్దలో, మూడవ మారుకే విసిగిపోవుదురు!

ఇంతలో చేలు పాలుపట్టెను. అవ్వ మనుమని వెంటబెట్టుకొని పోయి, సజ్జకంకులు వానిచేతనే కోయించెను. గట్టున నిప్పుచేసి కాల్చి, అఱచేతుల నలిపి, పొట్టు ఊదుట నేర్పెను. ఊదగా ఊదగా వాని మొగమంతయు పొట్టే! నవ్వుచునే వాడు గుప్పెడు గింజలు నోట పోసికొనెను.

“అవ్వా, తియ్యగా ఉన్నవే! మన రొట్టె వీనితోనేనా చేసేది?”

“వీనితోనే నాయనా. ఇవి ముదిరి యెండిన పిమ్మట పిండి విసరుదుము.”

ఆ రాత్రి అంచుననున్న ముక్కను వాడు బెల్లముతో తినెను. మఱునాడు సగము రొట్టె యడిగెను. బియ్యముకంటె సజ్జలలో ఇనుము హెచ్చని వానికి తెలియదు. తెలియవలసిన పనియు లేదు. భోజనవేళ వాడిప్పుడు కొట్టములో దాగుట లేదు.

గోంగూర మాత్ర మింకను వానికి గిట్టదు. మఱుసటి వారమునుండి అవ్వ కంచపు టంచున చిటికెడు గోంగూరపచ్చడి పెట్టుచున్నది.