మృగశిరకు ముందే పెరటి పనిముట్లకు సాన

రోహిణి కార్తె సగం గడిచిందంటే ఆదిలాబాద్ జిల్లాలో ఏ ఊరి కొలిమి దగ్గర చూసినా గుంటకలు, దంతెలు, నాగలి కర్రులు కుప్పపడి ఉంటాయి. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ వారంలో కమ్మరికి అన్నం తినే తీరిక ఉండదు. చేను పనిముట్లే ముందు అందుకుంటాడు, అది న్యాయం కూడా. పెరట్లో వాడే ఖుర్పీ, కొడవలి పట్టుకుని అప్పుడు వెళితే వారం తర్వాత రమ్మంటాడు. ఆ వారంలోనే గింజ పెట్టే అదును దాటిపోతుంది. కాబట్టి ఈ పని ఇప్పుడే కానివ్వండి.

ఈసారి సలహాలు చేను గురించి కావు, ఇంటి వెనక జాగ గురించి. పత్తి, సోయాబీన్, కంది పండించే ఇళ్లలోనూ వంకాయ, టమాట, కొత్తిమీర అంగట్లో కొనుక్కోవడం నాకు బాధగా ఉంటుంది. ఐదుగురు ఉన్న ఇంటికి ఏడాది పొడవునా కూరగాయలు రావాలంటే రెండు గుంటల నేల సరిపోతుంది. గుంట అంటే 121 చదరపు గజాలే. అంత జాగ చాలా ఇళ్లకు ఉంది, వానాకాలంలో నీళ్లకూ కొదవ లేదు. అయినా పెరటి తోట మధ్యలో ఆగిపోయిన ఇళ్లలో అడిగి చూడండి. కలుపు తీయలేకపోయామనో, నడుము పట్టేసిందనో, మొక్కలు నీళ్లలో నిలిచి కుళ్లిపోయాయనో చెబుతారు. ఈ మూడూ సరైన పనిముట్టు లేకనో, ఉన్నదాన్ని సరైన రోజున వాడకనో వచ్చిన ఇబ్బందులే.

మన నల్లరేగడి సంగతి తెలిసిందే. ఎండాకాలం నెర్రెలు విచ్చి గడ్డపార దిగనంత గట్టిపడుతుంది. వాన పడగానే జిగురై పారకు, కాళ్లకు అంటుకుని వదలదు. ఈ రెంటి మధ్య తవ్వడానికి వీలుండేది రెండు మూడు రోజులు. ఆ రోజులు పట్టుకోవడానికి పిడికెడు మట్టి చాలు. జానెడు లోతు నుంచి మట్టి తీసి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. పడి పొడిపొడిగా విరిగితే నేల సిద్ధం. చితికి ముద్దగా ఉండిపోతే ఇంకొక రోజు ఆగాలి. తడి మీద తొందరపడి తవ్విన రేగడి పెళ్లలుగా ఎండుతుంది. ఆ పెళ్లలు ఆ సీజనంతా చితకవు, వాటి మధ్య వేరు నడవదు. బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి గింజ పెట్టమని శాస్త్రవేత్తలు ఏటా చెబుతున్నారు కదా, పెరటికి కూడా అంతే ఓపిక కావాలి.

ఇక పనిముట్లు. దుకాణాల్లో రంగురంగుల సెట్లు అమ్ముతున్నారు: చిన్న తాపీలాంటిది, మూడు వేళ్ల పంజా, ప్లాస్టిక్ పిడి. కుండీలో ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు కలుపుకునేవారికి అవి పనికొస్తాయి. రేగడిలో రెండో రోజే మెడ వంగిపోతాయి. ఆ డబ్బుతో కమ్మరి దగ్గర రెండు మంచి ఖుర్పీలు చేయించుకోవచ్చు. నా లెక్కలో గడ్డపార, పార, ఖుర్పీ, కొడవలి, కొమ్మలు కత్తిరించే సికేచర్, ఒక చిన్న స్ప్రేయరు ఉంటే తోట నడుస్తుంది. మిగిలినవి తోట పెరిగాక చూసుకోవచ్చు.

ఈ ఆరింటిలో ఎక్కువగా చేతిలో ఉండేది ఖుర్పీ. కలుపు తీయడానికి, నారు నాటడానికి, మొదళ్ల దగ్గర మట్టి గుల్ల చేయడానికి అదే. రెండు రకాలు చేయించుకోండి. వెడల్పు మూతిది సాళ్ల మధ్య కలుపుకు, సన్నని మూతిది నారు నాటడానికి, గరిక వేళ్లు లాగడానికి. చేయించేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది ఇనుము. పాత లారీల కమాన్ పట్టీ ముక్కతో చేసింది వాడి నిలుపుకుంటుంది, రేకు ముక్కతో చేసింది రెండు సాళ్లకే మొద్దుబారుతుంది. రెండోది మెడ. పలక, తోక ఒకే ముక్కగా సాగగొట్టినది తీసుకోండి. వెల్డింగ్ పెట్టి అతికిన మెడ సరిగ్గా గరిక దుబ్బ దగ్గరే విరుగుతుంది.

ఇనుము గురించి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నిర్మల్‌కు దూరం కాని కోనసముద్రం, ఇప్పటి నిజామాబాద్ జిల్లా ఊరు, ఒకప్పుడు ఉక్కుకు పేరుపడింది. లాంబ్టన్ నడిపిన భూమి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820ల మొదట్లో ఆ కొలుములను చూసి రాసిన వివరం, ఆయన చనిపోయాక 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. నిర్మల్ వైపు దిమ్మదుర్తి వంటి ఊళ్ల ఖనిజంతో తీసిన ఇనుమును మట్టి మూసల్లో కరిగించి ఉక్కు చేసేవారు. దానికోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చి కొనుక్కుపోయేవారు. ఇంత పనితనం తెలిసిన నేలలో ఇవాళ ఖుర్పీ కోసం ఎక్కడో తయారైన రేకు సరుకు కొనడం నాకు నచ్చదు. ఊళ్లో కొలిమి ఇంకా వెలుగుతుంటే పని దానికే ఇవ్వండి. లేకపోతే ఇచ్చోడ, ఇంద్రవెల్లి వంటి వారపు అంగళ్లలో చేసి అమ్మేవాళ్ల దగ్గర కొనండి. విరిగినా, మొద్దుబారినా తిరిగి తీసుకెళ్లి చూపించడానికి మనిషి ఉంటాడు.

పార కొనేటప్పుడు పలక బరువు కన్నా కామ పొడవు మీద దృష్టి పెట్టండి. మనకు దొరికే పారలకు ఎక్కువగా పొట్టి కామే ఉంటుంది. కాలువ తీయడానికి, మట్టి ఎత్తడానికి అది బాగానే ఉంటుంది. పెరట్లో రోజూ వంగేది మాత్రం ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. అప్పటికే చేన్లో కలుపు తీసో, పత్తి ఏరో వచ్చి ఉంటారు. సన్నని పలకకు, నిలబడితే భుజం దాకా వచ్చే కామ వేయించి ఒక పార వాళ్లకోసం వేరుగా ఉంచండి. నిటారుగా నిలబడి పై మట్టిని గీరినట్టు లాగితే లేత కలుపు పోతుంది. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించిన రెండు చక్రాల గుంటక కూడా నిలబడి నెట్టుకునేదే. రెండు గుంటలకు మించి కూరగాయలు వేసేవారికి అది లాభం. ఒక ఇంటికి బరువనిపిస్తే మహిళా సంఘంలో నాలుగిళ్లు కలిసి తెచ్చుకోవచ్చు. పై పొర ఆరాకే నడపాలి, తడి రేగడిలో చక్రాలకు మట్టి చుట్టుకుంటుంది.

కామకు తుమ్మ మంచిది. చిరుమాను దొరికితే ఇంకా మంచిది, దెబ్బకు తట్టుకుంటుంది. టేకు తలుపులకు గొప్పదే కానీ కామగా చిరుమానుకు సాటిరాదు. అడవి నుంచి పచ్చి కర్ర కొట్టి తెచ్చి వెంటనే బిగించకండి. అది కేసుల పాలు చేస్తుంది, పైగా ఎండాక కుంచించుకుపోయి పలక ఊడి ఎగురుతుంది. నీడన ఆరిన కర్రనే బిగించాలి. వదులైన పారను రాత్రంతా నీళ్లలో వేసి ఉంచడం మనకు అలవాటు. పొద్దున బిగుస్తుంది, మధ్యాహ్నం ఎండకు మళ్లీ వదులవుతుంది, ఇలా చేస్తుంటే కర్ర కొస లోపల్నుంచే కుళ్లుతుంది. అంతకంటే గట్టి కర్రతో చీల చెక్కి పై నుంచి దిగగొట్టండి. ఏడాదికొకసారి కామకు అవిసె నూనె రుద్దితే పగుళ్లు రావు, చేతికి బొబ్బలూ తగ్గుతాయి.

సాన ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఒక ఆకురాయి కొనండి. ఖుర్పీ, పార ఒకవైపే వాలుగా అరగదీయాలి, అవతలి వైపు లేచిన రజను మాత్రం తేలికగా తీసేయాలి. ఆకురాయిని ముందుకు నెట్టేటప్పుడే ఒత్తండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి, లేదంటే దాని పళ్లు అరిగిపోతాయి. కరెంటు సాన చక్రం దగ్గర పెడితే ఒక జాగ్రత్త: అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు మెత్తబడిపోయిందని అర్థం. మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ పట్టించండి.

సికేచర్ సంగతి క్లుప్తంగా. రెండు అంచులూ కత్తెరలా ఒకదాని పక్కగా ఒకటి జారే రకం తీసుకోండి. ఒక అంచు రేకు మీద ఒత్తేది పచ్చి కొమ్మను నలిపేస్తుంది. నిమ్మ, జామ, మునగ కొమ్మలకు, వంకాయలు కోయడానికి పనికొస్తుంది. తెగులున్న మొక్క మీద వాడాక స్పిరిట్ గుడ్డతో తుడవకుండా మరో మొక్కను ముట్టుకోకండి.

స్ప్రేయర్ దగ్గర నాకు భయం. చాలా ఇళ్లలో పత్తికి కొట్టే పంపుతోనే పెరట్లోనూ కొడుతున్నారు. దయచేసి ఆ పని మానండి. పత్తిలో వాడిన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం మన దేశంలో నిషేధం. కడిగామనుకున్న పంపులో, గొట్టంలో, నాజిల్‌లో మందు నిలిచే ఉంటుంది. మర్నాడు ఆ మొక్క పుంటికూరే కోసి పిల్లలకు వండుతాం. కలుపు మందు కొట్టిన పంపైతే మొక్కలకే ముప్పు: 2,4-డి జాడ కాస్త మిగిలినా టమాట, ఆనిగెపుకాయ తీగల ఆకులు మెలికలు తిరిగి ఎదుగుదల ఆగిపోతుంది. లీటరు, రెండు లీటర్ల చేతి స్ప్రేయరు వేరుగా కొని, చేను మందులు పెట్టే చోటికి దూరంగా వంటింటి వైపు గోడకు వేలాడదీయండి. అందులో వేసేది వేప గింజల కషాయమే కావాలి. పది లీటర్లకు అరకిలో వేప పప్పు పొడి, రాత్రంతా నానబెట్టి, పల్చని గుడ్డతో రెండుసార్లు వడకట్టి, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వడకట్టడంలో బద్ధకిస్తే నాజిల్ మూసుకుపోతుంది, ఆ విసుగుతోనే మళ్లీ పెద్ద పంపు చేతిలోకి వస్తుంది.

డబ్బు పెట్టనక్కర్లేని పనిముట్లు కూడా ఉన్నాయి. మీటరు పొడవు కర్ర మీద 30, 45, 60 సెంటీమీటర్ల దగ్గర గాట్లు పెట్టుకోండి. వానాకాలం బెండకు సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 30 ఉండాలి. టమాటకు 60, 45. వంగకు రెండు వైపులా 60. కంటి లెక్కతో నాటితే దగ్గరదగ్గరగా పడి ఆగస్టులో గాలాడక తెగుళ్లు వస్తాయి. రెండు మేకులు, సుతిలి తాడు ఉంటే మడులు సూటిగా వస్తాయి. మడి మూడున్నర అడుగుల వెడల్పు మించకూడదు, రెండు గట్ల మీద నుంచీ ఖుర్పీ చేయి మధ్యదాకా అందాలి. మన జిల్లాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే కురుస్తుంది. కాబట్టి మడిని అర అడుగు ఎత్తు చేసి, పక్కన అడుగు వెడల్పు కాలువ వదలండి. బల్లపరుపు మడిలో మిర్చి బతకదు.

గింజలు గుచ్చడానికి బొటనవేలి లావు కర్ర మొన చెక్కుకుంటే చాలు. 1940లలో మార్లవాయిలో ఉండి ఇక్కడి ఆదివాసుల జీవితాన్ని రాసిన హైమన్‌డార్ఫ్, కోలాంలు కొండవాలు పోడులో నాగలి లేకుండా తవ్వుకోలలు, చిన్న పారలతోనే సేద్యం చేసేవారని నమోదు చేశాడు. నేలను తిరగేయకుండా గింజ పడాల్సినచోటే గుచ్చితే వాలు నేలలో మట్టి కొట్టుకుపోదు. ఇంటి చుట్టూ వాలుగా ఉన్న ఉట్నూరు, జైనూర్ వైపు వాళ్లకు ఈ పద్ధతి ఇప్పటికీ ఉపయోగమే. మట్టి, ఎరువు మోయడానికి ప్లాస్టిక్ తొట్లు కొనకుండా కోలాం కుటుంబాలు అల్లే వెదురు గంపలు తీసుకోండి. తడి ఎరువుకు మాత్రం ఇనుప గమేళా.

రోహిణి ఎండల్లో నెర్రెలు, కట్టెల కుప్పలు, పాత పందిరి కింద తేళ్లు, పాములు చేరి ఉంటాయి. చెత్త ఎత్తేటప్పుడు చేయి ముందు పెట్టకుండా పొడవాటి కర్ర కొక్కెంతో లాగండి. రబ్బరు బూట్లు వేసుకోండి. పాము కరిస్తే కోయడం, కట్టడం ఏదీ చేయకుండా కాలు కదపనీయక 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి. తుప్పు ఇనుము గీరుకుంటే ధనుర్వాతం టీకా వేయించుకోండి.

పని అయిన వెంటనే మట్టి కడిగి, గుడ్డతో తుడిచి, ఇనుము మీద నూనె చేయి తిప్పి గోడకు మేకులకు తగిలించండి. రేగడి అంటుకున్న ఖుర్పీని ముసురులో ఒక రాత్రి వదిలేస్తే పొద్దునకు ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది.

కొలిమికి వెళ్లొచ్చాక, వాన కోసం చూసే ఈ రోజుల్లో పెరట్లో పార దిగినన్ని చోట్ల పదిహేను సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, బాగా కలిపి అరకిలో వేరు చేసి భూసార పరీక్షకు ఇవ్వండి. తీగల కోసం రెండు మీటర్లకొక గుంత, మూర లోతు, తీసి మాగిన పశువుల ఎరువు నింపి ఉంచండి. వంకాయ, టమాట నారు గింజలు ఎత్తు మడిలో ఇప్పుడే చల్లితే 25 నుంచి 30 రోజులకు నాటుకు వస్తాయి. నేల ఉండ పొడిపొడిగా విరిగిన రోజున బీర, కాకర, ఆనిగెపుకాయ గింజలు రాత్రి నానబెట్టినవి గుంతకు మూడు చొప్పున అంగుళం లోతున గుచ్చి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచండి. తీగ జానెడు పాకే లోపే వెదురు పందిరి సిద్ధం కావాలి, ఆరడుగుల ఎత్తున, కింద మనిషి నిలబడి కాయ కోసుకునేలా.