ఇసుక నేలలో పువ్వులు
(చదువవలసిన భాగము: మత్తయి 6:28-30)

స్కాట్లండు పడమటి దీవుల సముద్రతీరమందు ‘మాఖర్’ అను పచ్చిక నేలలు గలవు. అది గవ్వల పొడి కలిసిన ఇసుక, సారము తక్కువ. అయినను వేసవిలో పూలతో నిండును. రైతులు సముద్రపు నాచును ఎరువుగా వేసి, ఓట్సు, రై ధాన్యములు పండించి, పిమ్మట నేలను బీడు విడుతురు. వేసవిలో పశువులను కొండమేతకు తోలి, పూలు విత్తనము రాల్చిన పిమ్మట చలికాలమున మరల దించుదురు. బలమైన ఎరువు వేసినచో గడ్డి ఏపుగా పెరిగి పూలను అణచివేయును.

మన సంగతి యేమి? కొరతలో మోకాళ్లూనితిమి, పంట బాగుగా వచ్చిన యేట కుటుంబ ప్రార్థన మరచితిమి. మన యిండ్లలో ప్రార్థనను అణచుచున్న గడ్డి యేది? దానికి ఎరువు వేయుట ఈ నెలనే మానుదము.