ఎర్ర మాత్ర కథ

కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ ఎర్ర మాత్రలు ఇస్తుంది. మీలో చాలామంది మింగే ఉంటారు. వికారంగా ఉందని చూరులో దాచినవాళ్లూ ఉంటారు. ఆ మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి ఇనుము, రెండోది ఫోలిక్ ఆసిడ్. రెండూ రక్తం పట్టడానికే. ఫోలిక్ ఆసిడ్ ఆకుకూరల్లో ఉంటుంది. దాన్ని మందుగా తయారుచేసే దారి కనిపెట్టినవాళ్లకు పెద్ద మన తెలుగువాడే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్లప్పుడు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తాడట! తల్లి వెంకమ్మ ఊరుకుంటుందా? వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి గట్టెక్కాడు. తల్లి నగలు అమ్మి చదివించింది.

మద్రాసులో డాక్టరు చదువులో చేరాడు. గాంధీగారి మాట విని ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్లాడు. తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. పెద్ద డిగ్రీ దక్కలేదు. చిన్న డిగ్రీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అని ఒక జబ్బు. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. ఆ జబ్బుతో ఆయన అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందుతో బతికి బయటపడ్డాడు.

తర్వాత అమెరికా వెళ్లాడు. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. మళ్లీ ఇంటికి రాలేదు. 1919లో ఆయనను పెళ్లాడిన శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన గొప్పతనం గురించి పుస్తకాలున్నాయి. ఆమె గురించి రెండు ముక్కలు దొరకడమే కష్టం.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకు చేరాడు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి అది మందయింది. రక్తం లేక పాలిపోయినవాళ్లకూ పనిచేసింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. రక్తం ఎముకల లోపలి మూలుగలో తయారవుతుంది. లుకేమియా అనే రక్త క్యాన్సర్ వస్తే అక్కడ పనికిరాని తెల్ల కణాలు కలుపు మొక్కల్లా పెరిగిపోతాయి. మంచి రక్తానికి చోటుండదు. బిడ్డ పాలిపోతాడు, జ్వరం వదలదు, ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తాయి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. ఇలా కనిపిస్తే తాయెత్తు కట్టి కూర్చోకూడదు. పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేయించాలి.

అప్పట్లో దీనికి మందే లేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఈ పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ జాతి మందు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది! ఎరువు పైరుకి వేస్తే కలుపు తిన్నట్టు అయింది. మరి కలుపుకి ఎరువు అందకుండా చేస్తే?

నకిలీ విత్తనం సంగతి మీకు తెలుసు. చూడటానికి అసలు విత్తనంలాగే ఉంటుంది, చల్లితే మొలవదు. సుబ్బారావు బృందం అలాంటి నకిలీ ఫోలిక్ ఆసిడ్‌నే తయారుచేసింది. పేరు అమినోప్టెరిన్. క్యాన్సర్ కణం దాన్ని అసలుదనుకుని తీసుకుంటుంది, పెరగలేక ఆగిపోతుంది. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చాడు. పది మందికి గుణం కనిపించింది. మంచం పట్టిన పిల్లలు లేచారు. ఆ సంగతి 1948లో లోకానికి తెలిసింది.

అయితే కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. అయినా మందుతో పిల్లల రక్త క్యాన్సర్‌ను అణచవచ్చని మొదటిసారి రుజువైంది. దాని చెల్లెలులాంటి మందు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. దాన్ని మిగతా మందులతో కలిపి ఇస్తారు. మంచి ఆస్పత్రుల్లో వైద్యం పూర్తిగా అందితే లుకేమియా వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారు. కంటి లోపలి వాపుకూ డాక్టర్లు ఈ మందు వాడుతున్నారు.

కంటికి ఇంకో మేలు కూడా జరిగింది. ఆయన బృందంలోని డగ్గర్ అనే ముసలి శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ సంగతి 1948లోనే లోకానికి తెలిసింది. బంగారు రంగు మందు. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశాడు. వయసు 53.

ఈ జాతి మందుల లేపనమే ట్రకోమాకు వాడారు. ట్రకోమాలో రెప్ప లోపల గరుకు కట్టి, మచ్చలు పడి, వెంట్రుకలు లోపలికి తిరుగుతాయి. రెప్ప వేసినప్పుడల్లా కనుగుడ్డు గీసుకుని చివరకు చూపు పోతుంది. చేతులు, తువ్వాళ్లు, ఈగల ద్వారా అంటుతుంది. పిల్లల ముఖాలు తుడిచేది ఆడవాళ్లు కాబట్టి వాళ్లకే ఎక్కువ వచ్చేది. మందులతో, నీళ్ల వసతితో, మరుగుదొడ్లతో అది తగ్గుతూ వచ్చింది. మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా ట్రకోమా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది.