మార్లవాయి ఆత్మీయుడు

ఒక ప్రాంతాన్ని చూడడం వేరు. దానిని తనదిగా చేసుకోవడం వేరు. నగరాలనూ కోటలనూ చూసి వెళ్లిపోయేవారు అనేకులు. పల్లె గుడిసెలో నివసించి, అక్కడివారి కష్టసుఖాలను పంచుకొనేవారు అరుదు. అట్టి అరుదైన వ్యక్తి మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో వియన్నాలో జన్మించాడు. 1939లో భార్య బెట్టీతో భారతదేశానికి వచ్చేసరికి రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. ఆస్ట్రియా అంతకు ముందే జర్మనీలో విలీనమైనందున ఆయన వద్ద ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వ దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటరాదన్న నిబంధన విధించారు. ఆ నిర్బంధమే ఆయనకు క్రొత్త స్వస్థలాన్ని ప్రసాదించింది.

హైమన్‌డార్ఫ్ దంపతులు మొదట నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల నడుమ నివసించారు. గడ్డలు త్రవ్వుకొని, తేనె సేకరించి బ్రతికే ఆ ప్రజల జీవనవిధానాన్ని గమనించారు. తరువాత గోదావరి తీరాన పాపికొండలలోని కొండరెడ్ల పల్లెలకు వెళ్లారు. అక్కడ కలప గుత్తేదారుల దోపిడీని కళ్లారా చూశారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. గోండుల అసంతృప్తికి మూలం తెలుసుకోవలసిందిగా ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను కోరింది. ఆయన ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామాన్ని తన నివాసంగా ఎంచుకొన్నాడు. ఊరూరా తిరుగగా అసలు కారణం బోధపడింది. తరతరాలుగా గోండులు దున్నుకొన్న పొలాలు రిజర్వు అడవుల హద్దులలోకి పోయాయి. పట్టా అంటే ఏమిటో ఎరుగని రైతుల భూములు బయటివారి వశమయ్యాయి.

ఆయన కేవలం గ్రంథరచనతో తృప్తిపడలేదు. ఆయన కృషి వల్ల వేలాది గిరిజన కుటుంబాలకు పట్టాలు లభించాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వెలసింది. గోండి భాషలో వాచకాలు దేవనాగరి లిపిలో వెలువడ్డాయి. గిరిజనుల సమస్యలను అధికారులు నేరుగా వినేందుకై కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు ఏర్పడింది.

1970 దశకంలో ఆయన తిరిగి వచ్చినప్పుడు, పట్టాలు పొందిన భూములలో అనేకం మళ్లీ చేజారిపోవడం కనిపించింది. ఆ వేదన 1982లో ప్రచురించిన గ్రంథంలో వ్యక్తమైంది. కాగితం మీది హక్కును కాపాడుకోవడానికి చదువు, చట్టం అమలు రెండూ అవసరమని ఆ అనుభవం చాటుతున్నది.

బెట్టీ 1987లో హైదరాబాదులో మరణించగా ఆమెను మార్లవాయిలో ఖననం చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ అవశేషాలు 2012లో ఆమె సమాధి చెంతకు చేరాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ నివాళులర్పిస్తారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి! జన్మభూమి విధి నిర్ణయిస్తుంది. స్వస్థలాన్ని మనిషి తన ప్రేమతో సంపాదించుకొంటాడు.

కఠిన పదాలు – అర్థాలు
ఎల్లలు : సరిహద్దులు
గుత్తేదారు : కాంట్రాక్టరు
నేలకొరుగు : మరణించు

ప్రశ్నలు
1. హైమన్‌డార్ఫ్ హైదరాబాదు సంస్థానంలోనే ఉండవలసి రావడానికి కారణమేమి?
2. గోండుల అసంతృప్తికి మూలకారణాలను వివరించండి.
3. “కాగితం మీది హక్కు” అనడంలోని అంతరార్థమేమి?