డ్యూటీలో ఉండగా బండికి కుక్క తగిలితే

క్యాబ్ తోలేవాళ్లకి, నైట్ షిఫ్టు దిగి ఇంటిదారి పట్టేవాళ్లకి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. బ్రేకు వేసేలోపే కుక్కకు దెబ్బ తగిలేస్తుంది. ముందు బండి పక్కకు తీసి నాలుగు ఇండికేటర్లూ వేయండి. వెనకొచ్చే లారీకి కుక్కా కనబడదు, మీరూ కనబడరు. ప్యాసింజరుంటే సంగతి చెప్పి దిగండి, ఆఫీసుకైతే ఆలస్యమవుతుందని ఒక మెసేజ్ పెట్టండి.

అది లేచి కుంటుతూ పోయిందంటే గండం గడిచినట్టు కాదు. లోపల రక్తస్రావమవుతుంటే పైకి గీరు కూడా కనబడదు. ఏ షాపు మెట్ల కిందో దూరి, గంటల తర్వాత ప్రాణం వదిలేస్తుంది. అందుకే ఎటు పోయిందో చూడండి.

నొప్పిలో ఉన్న కుక్క రోజూ అన్నం పెట్టే చేతినైనా కరుస్తుంది. చున్నీనో తువ్వాలునో మూతి చుట్టూ తిప్పి, గడ్డం కింద దాటించి, చెవుల వెనక ముడి వేయండి. నోట్లోంచి రక్తం వస్తున్నా, వాంతులవుతున్నా, ఊపిరాడకపోతున్నా మాత్రం మూతి కట్టొద్దు. రక్తం కారేచోట గుడ్డ పెట్టి అదిమి ఉంచండి, మాటిమాటికీ తీసి చూడకండి. కాళ్లు పట్టుకుని ఈడ్చడం మనవాళ్లకు అలవాటు. వెన్ను దెబ్బతిని ఉంటే ఆ ఈడ్పుతో నడుం పూర్తిగా పడిపోవచ్చు. డిక్కీలో దుప్పటో గట్టి అట్టో ఉంటే దానిమీదికి ఇద్దరు కలిసి మెల్లగా జరపండి. నీళ్లు, బిస్కెట్లు వద్దు. మనం మింగే నొప్పి మాత్రలు అసలే వద్దు, అవి కుక్కలకు విషం.

1962 రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవల నంబరు. అయితే అది ముఖ్యంగా పల్లెల్లో పాడిపశువుల కోసం పెట్టింది, అర్ధరాత్రి నగరంలో దాన్నే నమ్ముకోవద్దు. మీ రూటులో రాత్రిపూట తెరిచి ఉండే పెట్ క్లినిక్ నంబరు ఇవాళే ఫోన్లో సేవ్ చేసుకోండి. హైదరాబాద్‌లోనైతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, జూబ్లీహిల్స్ బ్లూ క్రాస్ గుర్తుంచుకోండి.

ఆగకుండా పోయేవాళ్లలో చాలామందిది కేసు భయం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కావాలనో, తెలిసి తెలిసో జంతువును చంపేవాళ్లకీ, అవిటిదాన్ని చేసేవాళ్లకీ. అనుకోకుండా తగిలిన కుక్కను ఆసుపత్రికి చేర్చేవాళ్లకు కాదు. మెడలో బెల్టుంటే పెంపుడుదై ఉండొచ్చు, యజమాని కోసం చుట్టుపక్కల అడగండి. కంపెనీ బండయితే సూపర్‌వైజర్‌కు మీరే ముందు చెప్పండి.

ఈ హడావుడిలో మీకు పన్నో గోరో గీరుకుంటే సబ్బుతో, కుళాయి నీటి కింద పావుగంట కడగండి. పసుపు, కారం పెట్టకండి. డ్యూటీ దిగాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి.