ఊరి మధ్య పాత డాబానా, తోట పక్క కొత్త ఇల్లా?

ప్రశ్న: రెడ్డిగూడెంలో ఒకే ధరకు రెండు ఇళ్లు చూశాం. ఊరి మధ్య రెండు గదుల పాత డాబా. ఊరి బయట మామిడి తోట పక్కన మూడు పడకగదుల కొత్త ఇల్లు. ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఊరి మధ్యదే కొనండమ్మా. టైల్స్, మాడ్యులర్ కిచెన్ ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు. బడినీ బస్టాండునూ దగ్గరకు జరుపుకోలేం కదా! కాకపోతే పైన గది వేసే ఆలోచన ఉంటే, పునాది ఆ బరువు మోస్తుందో లేదో ముందే ఇంజినీరుకు చూపించండి.

కొత్త ఇంటి మీదే మనసుంటే, జోరువాన పడిన మర్నాడు వెళ్లి దారి చూడండి. ఇల్లు గట్టిదైతే సరిపోదు, నీరు నిలవని చోటు కావాలి: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో గట్టి ఇళ్లు కూడా రోజుల తరబడి నీళ్లలో నానాయి. మే నెలలో బోరు మోటారు వేయించి, ధార ఎంతసేపు ఆగకుండా వస్తుందో చూడండి. ఇంకో సంగతి, అమ్మేవారు చెప్పనిది: మామిడి పూత వేళ తేనెమంచు పురుగుకు మందు కొడతారు. తోట గట్టు పక్కనే కిటికీ ఉంటే ఆ వాసన పడకగదిలోకే వస్తుంది.

దేనికైనా సరే, బయానా ఇచ్చేముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఇంటి స్థలం సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో లేదని కూడా చూసుకోండి; ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు.